కేసుకు రెండేళ్ల గడువుంది, బాబు చెవికి లేదు

పేరూ ఊరూ రాయవద్దన్న ఒక తల్లి కావలి దగ్గరి తీరగ్రామం నుంచి ఆరు పేజీల ఉత్తరం పంపారు. వయసు 29. భర్త లీజుకు తీసుకున్న రొయ్యల గుంటలు చూసుకుంటారు. ఒకటో తరగతి చదివే ఆరేళ్ల బాబు, నాలుగు నెలల పాప ఉన్నారు. జలుబు చేసి బాబుకు చెవిపోటు వస్తే ఆమె కొబ్బరినూనె వెచ్చబెట్టి రెండు చుక్కలు వేశారు. మర్నాటికి జ్వరం, వాంతులు. ఊళ్లోని ఆర్‌ఎంపీ రెండు రోజులు ఇంజక్షన్లు చేశారు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి, మెదడు పొరలకు న్యూమోకాకస్ అనే బాక్టీరియా సోకిందన్నారు. రెండు వారాలు ఇంజక్షన్లు పడ్డాయి. బాబు బతికాడు, తింటున్నాడు, తిరుగుతున్నాడు. వినబడటం లేదు.

ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదట. ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఐసు బండి గంట కొట్టుకుంటూ వాకిలి ముందు నుంచే వెళ్లినా వాడు తలెత్తలేదు. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని చూసే బేరా పరీక్షలో రెండు చెవులకూ వినికిడి దాదాపు పూర్తిగా పోయిందని తేలింది. ఇది జరిగి పది రోజులు. ఆసుపత్రి నుంచి వచ్చి ఆరు వారాలు.

అప్పటి నుంచి ఇల్లు పంచాయతీ అరుగైంది. వెన్నులో సూది గుచ్చడం వల్లే పోయిందని అత్తగారు. మందుల షాపులో పనిచేసే మరిది డిశ్చార్జి కాగితం చూసి, స్టెరాయిడ్ ఇచ్చి చెవులు పాడుచేశారన్నాడు. ఆసుపత్రిలో ఇంజక్షన్లు పడే దాకా పిలిస్తే పలికినవాడు ఆ తరువాతే పలకలేదని భర్త వాదన. ఆయన కేసు వేస్తానంటున్నారు. ఇదంతా తన నూనె చుక్కల వల్లే అయిందేమోనని ఆమె ఎవరికీ చెప్పకుండా ఏడుస్తున్నారు. ఈమధ్య స్టీలు పళ్లెం గచ్చు మీద పడితే బాబు చటుక్కున తిరిగి చూశాడు. వినికిడి తిరిగొస్తోందని ఇల్లంతా సంబరపడింది. పొరుగువాళ్లు తమ పిల్లలను వాడితో ఆడనివ్వడం లేదు. తప్పెవరిది, ఆగి చూడవచ్చా, పాపకు కూడా వస్తుందా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు పేజీలు తప్పెవరిదన్న దాని మీదే నడిచాయి. ఐదో పేజీ అడుగున, మరిచిపోయి చేర్చినట్టు ఒక్క వాక్యం ఉంది: “ఈఎన్‌టీ డాక్టరు ఎమ్మారై తీయించమన్నారు, రొట్టెల పండగ అయ్యాక చూద్దామని అత్తగారన్నారు.” నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పండగకు ఇంకా రెండు నెలలుందని మీరే రాశారు. ఆ రెండు నెలలు మీ బాబుకు లేవు. ఎందుకు లేవో చెప్పాలంటే వాడి తలలో ఏం జరిగిందో చెప్పాలి. అది తెలిస్తే తప్ప మీ ఇంట్లో ఎవరూ ఎమ్మారైకి కదలరు.

న్యూమోకాకస్ చాలామంది పిల్లల ముక్కులో, గొంతులో ఏ గొడవా లేకుండా కాపురం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, జలుబు చేసినప్పుడో చెవి లోపల చీము పట్టినప్పుడో, అక్కడి నుంచి కదిలి మెదడును చుట్టి ఉన్న పొరల మధ్యకు చేరుతుంది. పొరల మధ్య నీరు ఉంటుంది. రక్తంలో ఉన్నంత కాపలా ఆ నీటిలో ఉండదు, కాబట్టి గంటల్లో పెరిగిపోతుంది. మన ఊళ్లలో దీన్ని కూడా మెదడువాపు అనేస్తారు. దోమలు, పందులు కారణమని మీ వీధివాళ్లు అన్నది జపనీస్ మెదడువాపు గురించి. అది వైరస్ వల్ల వస్తుంది, ఆ కథ వేరు.

న్యూమోకాకస్ లోపల ఒక విషం ఉంటుంది. పేరు న్యూమోలైసిన్. బాక్టీరియా గట్టిగా ఉన్నంతసేపు అది చాలావరకు లోపలే ఉంటుంది. పగిలిందంటే బయటపడుతుంది. మన కణాల పైపొరలో ఉండే కొలెస్టరాల్‌ను పట్టుకొని అతుక్కుంటుంది. ముప్ఫై నుంచి యాభై దాకా విషపు అణువులు ఒకదాని పక్కన ఒకటి చేరి, కోలాటం కట్టినట్టు గుండ్రంగా నిలబడి, అందరూ ఒక్కసారి కూర్చున్నట్టు పొరలోకి దిగుతాయి. కణానికి చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి కాల్షియం లోపలికి పొంగి కణం చచ్చిపోతుంది. పగిలిన బాక్టీరియా గోడ ముక్కలు మరో పని చేస్తాయి. వాటిని చూసి మన ఒంటి రక్షణ కణాలు దండెత్తి వస్తాయి. వాపు, చీము, తలలో ఒత్తిడి పెరుగుతాయి. జ్వరం, వాంతులు, ఫిట్స్ అన్నీ ఆ యుద్ధం తాలూకువే. అందులో సగం దెబ్బ శత్రువుది, సగం మన సైన్యానిది.

ఇక చెవి. మెదడు చుట్టూ ఉన్న నీటికీ లోపలి చెవిలోని నీటికీ మధ్య సన్నని కాలువ ఒకటి ఉంది. విషం, వాపు అందులోంచి వెళ్లి కాక్లియాను చేరతాయి. కాక్లియా అంటే బఠాణీ గింజంత ఎముక గుల్ల, లోపల రెండున్నర చుట్లు తిరిగి అచ్చం నత్తగుల్లలా ఉంటుంది. శబ్దాన్ని పట్టే కణాలు ఒక్కో చెవిలో పదిహేను వేల దాకా అక్కడ వరుసగా నిలబడి ఉంటాయి. న్యూమోలైసిన్ వాటిని చంపుతుంది. మనిషిలో అవి మళ్లీ పుట్టవు. మెదడు పొరల వాపు నుంచి బయటపడిన పిల్లల్లో వినికిడి దెబ్బతినడం అరుదేమీ కాదు. అందులోనూ న్యూమోకాకస్ చేసేంత చెరుపు మిగతావి చేయవు.

మీ అనుమానాలను ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడండి.

మీ నూనె చుక్కలు కర్ణభేరికి ఇవతలే ఆగిపోయి ఉంటాయి. మెదడు పొరలకు సూక్ష్మజీవిని మోసుకెళ్లింది అవి కావు. ఇకముందు మాత్రం వేయకండి, చెవిపోటుకు నూనె మందు కాదు. ఆర్‌ఎంపీ దగ్గర గడిచిన రెండు రోజుల గురించి మిమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెప్పను. ఇంకా ముందే చేర్చి ఉంటే బాగుండేది. కానీ మొదటి రోజు ఈ జబ్బు మామూలు విషజ్వరంలాగే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా పిల్లలను చూస్తున్న నేను కూడా మొదటి రోజు పోల్చుకోలేక ఇంటికి పంపి, రెండో రోజు పరుగెత్తించిన సందర్భాలున్నాయి. ఆయన చేసిన ఇంజక్షన్ల పేర్లు మాత్రం అడిగి రాసుకోండి. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి చెవికి హాని చేసే మాట నిజమే. రెండు రోజుల్లో రెండు చెవులూ ఇంతగా పోవడానికి అవి కారణమని నేననుకోను, అయినా ఈఎన్‌టీ డాక్టరుకు ఆ పేర్లు తెలియాలి.

అత్తగారి భయం సూది గురించి. ఆ సూది నడుము దగ్గర గుచ్చుతారు, వెన్నుపాము అంతకన్నా పైనే ముగిసిపోతుంది. తీసేది కొద్ది మిల్లీలీటర్ల నీరు. ఒంట్లో అది రోజూ కొత్తగా ఊరుతూనే ఉంటుంది. ఆ నీరు తీయకపోతే ఏ బాక్టీరియా అన్నది ఖాయంగా తెలియడం, దానికి సరైన మందు ఏదో తేలడం కష్టమయ్యేది.

మరిది మాట వింటే నాకు నవ్వూ బాధా కలిసి వచ్చాయి. కాగితంలో ఆయన వేలు పెట్టి చూపిన డెక్సామెథసోన్ అనే ఆ స్టెరాయిడ్ మందులన్నిటిలోనూ చెవిని కాపాడదామని ఇచ్చినది. మన సైన్యం చేసే సగం దెబ్బను తగ్గించడం దాని పని. పిల్లల్లో న్యూమోకాకస్ విషయంలో దాని మేలు ఎంతన్నదానిపై వైద్యుల్లో వాదనలున్నాయి. వినికిడిని అదే పోగొడుతుందని మాత్రం ఎవరూ అనరు.

మీ భర్త వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. యాంటీబయాటిక్ పడగానే బాక్టీరియా గుంపుగా పగులుతుంది. పగిలితే విషం బయటికి వస్తుంది. ఆయనకు ఇది గుంట భాషలో చెప్పండి, చటుక్కున అర్థమవుతుంది. నీళ్లు ముదురు పచ్చగా తిరిగిన గుంటలో ఆ పచ్చదనానికి మూలమైన ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి అడుగుకు పడితే ఏమవుతుంది? కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కకు చేరతాయి. అలాగని ఆ నీటిని అలాగే వదిలేస్తారా? నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ముందే తిప్పి ఉంచుకొని ఆ తరువాత మందు వేస్తారు. తలలోనూ అంతే. డెక్సామెథసోన్‌ను యాంటీబయాటిక్ మొదటి డోసుకు కాస్త ముందో, దానితో పాటో ఇవ్వమనడం అందుకే. యాంటీబయాటిక్ ఇవ్వకపోతే చెవి సంగతి మాట్లాడుకోవడానికి బాబు ఉండేవాడు కాదు. పైగా ఈ జబ్బులో వినికిడి సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దెబ్బతింటుంది. ఆసుపత్రిలో ఇంజక్షన్ మొదలైందీ ఆ దరిదాపుల్లోనే కావడంతో రెండూ కలిసి కనబడ్డాయి.

తప్పు సంగతి ఇంతే. దీనికంటే ఎక్కువ నా దగ్గర లేదు, దీనితో మీ ఇంట్లో వాదనలు ఆగుతాయన్న భ్రమా లేదు.

ఎమ్మారై ఎందుకు ఆగదో ఇప్పుడు చూడండి. విషం, వాపు పోయాక ఆ నత్తగుల్ల ఖాళీగా ఉండిపోదు. గాయం మానినట్టు లోపల ముందు నార కణజాలం పెరుగుతుంది, ఆ తరువాత అది ఎముకగా గట్టిపడుతుంది. ఇది వారాల్లోనే మొదలుకావచ్చు. అందరిలోనూ జరగదు, జరిగే వాళ్లలో ఎంత వేగంగా జరుగుతుందో ముందు చెప్పలేరు. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే ఆ గుల్ల చుట్ల లోపలికి సన్నని తీగను దించి, చచ్చిన కణాలను దాటేసి, నరానికే నేరుగా కబురు అందించడం. గుల్ల పూడిపోతే తీగ దిగదు. లోపల నీరు ఇంకా ఉందా, పూడటం మొదలైందా అన్నది ఎమ్మారై చూపిస్తుంది. ఎముక గట్టిపడ్డాక కనబడే సీటీ స్కాన్ కన్నా ఇది ముందే పసిగడుతుంది.

పళ్లెం సంగతి. గచ్చు మీద పడిన పళ్లెం అదురును వాడు అరికాళ్లతో విన్నాడు. మీరే పరీక్షించండి. వాణ్ణి మంచం మీద పరుపులో కూర్చోబెట్టి, వెనక నుంచి, గాలి తగలకుండా, నీడ పడకుండా అదే పళ్లెం గరిటెతో మోగించండి. అత్తగారినీ పక్కన నిలబెట్టండి. ఆమెను ఓడించడానికి కాదు; ఆమె కూడా కళ్లతో చూస్తే మీరు ఒంటరిగా పోట్లాడనక్కర్లేదు.

మీ ముందున్న దారులు ఇవి. మొదటిది, ఎమ్మారై తీయించి, గుల్ల తెరిచి ఉంటే వెంటనే ఇంప్లాంటుకు వెళ్లడం. మీ బాబుకు ఒక పెద్ద ఆస్తి ఉంది: ఆరేళ్ల మాటలు. పుట్టుచెవుడు పిల్లలు మాటను మొదటి నుంచి నేర్చుకోవాలి, వీడికి మాట ఉంది, దాన్ని కొత్త శబ్దంతో జతచేసుకుంటే చాలు. కానీ మొదట్లో ఆ శబ్దం వాడికి మన మాటలా ఉండదు, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. నెలల తరబడి శిక్షణ కావాలి. దానికి వారం వారం నెల్లూరో ఒంగోలో తిరగాలి. తల పైన పెట్టే యంత్రం జీవితాంతం ఉంటుంది. బ్యాటరీలు, తెగే వైర్లు, మరమ్మతులు ఉంటాయి. గుంటల దగ్గరికి, నీళ్లలోకి వెళ్లేటప్పుడు తీసిపెట్టాలి. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు మళ్లీ మెదడు పొరల వాపు వచ్చే ముప్పు మిగతావారికన్నా కాస్త ఎక్కువ, కాబట్టి న్యూమోకాకస్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తిచేయమంటారు. ఆ సంగతి ఈ వారమే అడగండి, లేకపోతే టీకా కోసం తేదీ వెనక్కి జరుగుతుంది.

ఒక చెవికా రెండింటికా అన్న ప్రశ్న వస్తుంది. మామూలు చెవుడులో ఒకటి చేసి రెండోది తరువాత చూద్దాం అనవచ్చు. ఈ జబ్బు తరువాత రెండో గుల్ల ఈలోగా మూసుకుపోవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు రెండూ కలిపి చేయడానికి మొగ్గుతారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం ఇంకొకటి. రెండింటికీ వయసు షరతులున్నాయి, పుట్టుకతో వచ్చిన చెవుడుకూ మధ్యలో వచ్చినదానికీ లెక్క వేరుగా ఉంటుంది. డబ్బు ఎలా అన్నది తేలకముందే అప్పుకు తిరగవద్దు. బేరా కాగితం, డిశ్చార్జి కాగితం, ఆధార్, రేషన్ కార్డు పట్టుకొని ఇంప్లాంట్లు చేసే ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర అడగండి. ఒక చెవికే మంజూరైతే ఏ చెవి ముందు పూడుతోందో ఎమ్మారై చూసి సర్జన్ నిర్ణయిస్తారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు పెట్టండి. వికలాంగుడని ముద్ర పడుతుందని మీ భర్తకు అయిష్టమని రాశారు. ముద్ర పడకపోయినా బాబుకు వినబడదు కదా!

రెండో దారి, చెవి మెషీను పెట్టి కొంతకాలం చూడటం. బేరాలో ఇంతగా పోయినప్పుడు మెషీను అరుపును అదురుగా మారుస్తుందే తప్ప మాటను తేల్చదు. ఎమ్మారై, పథకం కాగితాలు తిరిగేలోపు వాడుకోవడానికి మంచిదే. దాన్నే నమ్ముకొని ఆగితే మూడో దారిలోకి జారినట్టే.

మూడోది మీ బావగారు అన్నారని మీరు రాసినది: ఏడాది ఆగడం. కొందరు పిల్లల్లో మొదటి రోజుల్లో కొద్దిగా తగ్గిన వినికిడి తిరిగి వస్తుంది, ఆయన ఎక్కడో విన్నది అబద్ధమేమీ కాదు. ఇంత లోతుగా పోయినది తిరిగిరావడం చాలా అరుదు. ఎమ్మారైలో రెండు గుల్లలూ శుభ్రంగా ఉన్నాయని తేలితే, సర్జన్‌తో మాట్లాడి మరో స్కాన్ తేదీ రాయించుకొని కొద్ది వారాలు ఆగవచ్చు. స్కాన్ లేకుండా ఆగితే ఏడాది తరువాత ఇదే ఇంప్లాంటుకు ఎముకను తొలిచి దారి చేయాల్సి రావచ్చు. తీగ సగమే దిగవచ్చు, ఫలితమూ సగమే రావచ్చు.

ఇంప్లాంటే వద్దనుకొని సైగల భాష, బధిరుల బడి దారి పట్టే కుటుంబాలున్నాయి. దాన్ని నేను చిన్నచూపు చూడను. అయితే ఆ దారిలో బాబుతో పాటు ఇంటిల్లిపాదీ ఆ భాష నేర్చుకోవాలి. అదీ తెలిసి ఎంచుకున్నదై ఉండాలి, గడువు దాటిపోయి మిగిలినది కాకూడదు.

అత్తగారు రొట్టెల పండగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె అందుకుంటానని మొక్కుకున్నారు. తప్పకుండా వెళ్లనివ్వండి. ఎమ్మారై తీయించి వెళ్లినా బారాషహీద్ దర్గాలో రొట్టె అందుతుంది.

కేసు గురించి మీ భర్తకు ఈ మాట చెప్పండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు చట్టం రెండేళ్ల గడువు ఇచ్చింది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలో ఉంది. కాబట్టి ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి పూర్తి కేసు షీటు తీసుకొని బీరువాలో పెట్టమనండి. యాంటీబయాటిక్ మొదటి డోసు ఎన్ని గంటలకు పడింది, డెక్సామెథసోన్ ఎన్ని గంటలకు పడింది అన్నవి అందులో ఉంటాయి. ఆ షీటు ఇంప్లాంట్ సర్జన్‌కూ పనికివస్తుంది. నన్నడిగితే, సూది మీదా స్టెరాయిడ్ మీదా కేసు నిలవదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన కోపం న్యాయమైనది. ఈ జబ్బు తరువాత వినికిడి పరీక్ష చేయకుండా, చేయించమని కూడా చెప్పకుండా ఇంటికి పంపడం తప్పు. డిశ్చార్జికి ముందో, నాలుగు వారాల లోపో అది జరగాలి. ఐసు బండి గంట చెప్పాల్సిన సంగతి కాదది.

పాప సంగతికి వస్తే, టీకా కార్డు తీసి చూడండి. న్యూమోకాకస్ టీకా పీసీవీ అని ఉంటుంది, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. మొదటి రెండూ పడి ఉండాలి. బాబుకు ఎందుకు వేయించలేదా అని మళ్లీ ఏడవకండి. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఈ టీకా 2021లో మొదలుపెట్టింది, అప్పటికే వాడి వయసు దాటిపోయింది. పొరుగువాళ్లకు చెప్పండి: చికిత్స పూర్తయిన బాబు వల్ల వాళ్ల పిల్లలకు ఏ ప్రమాదమూ లేదు. పక్కవాళ్లకు ముందుజాగ్రత్తగా మందులు ఇచ్చేది మెనింగోకాకస్ వంటి వేరే రకాలకు. న్యూమోకాకస్‌కు ఆ అవసరం లేదు. బహుశా వాళ్ల పిల్లల ముక్కుల్లోనూ అది ఇప్పుడు ఉండే ఉంటుంది!

చివరి పేజీలో మీరు రాసిన ఇంకో మాట ఉంది. బాబు రాత్రిళ్లు మీ గడ్డం పట్టుకొని ఊపుతూ “నాతో ఎందుకు మాట్లాడటం లేదు” అని అరుస్తున్నాడని. మీరంతా వాడి చెవుల గురించి ఆరు వారాలుగా మాట్లాడుకుంటున్నారు, వాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా తనతో మాటలు మానేశారని, తానేదో తప్పు చేశానని వాడు అనుకుంటూ ఉండవచ్చు. ఒకటో తరగతి కదా, అక్షరాలు కూడబలుక్కుంటాడు. పలక తీసుకొని, వెలుతురులో వాడికి ఎదురుగా కూర్చొని రాయండి: “నీ చెవికి జబ్బు చేసింది. అమ్మ మాట్లాడుతోంది.” వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ, పెదవులు వాడికి కనబడేలా, గట్టిగా పైకి చదవండి. తిరిగి వాడినీ చదవమనండి. వాడి మాటలు నోట్లోంచి జారిపోకుండా రోజూ చదివించండి. ఎమ్మారైకి వెళ్లే బస్సులో కూడా ఆ పలక సంచిలో ఉండనివ్వండి.